నేల ఆర్కిడ్ మొగ్గలను రాత్రిపూట కోస్తున్నదేంటి?

మాది కడప జిల్లా, లంకమల కొండల కింద. ఇంటి వెనక పశువులను తోలకుండా వదిలిన కసువు బీడులో తెల్లపూల నేల ఆర్కిడ్లు ఉన్నాయి, హాబెనేరియా రకం. వానలకు దుంప నుంచి వెడల్పాటి ఆకులు వచ్చి నేలకు అతుక్కుని పరుచుకుంటాయి. సెప్టెంబరులో నడిమి నుంచి జానెడు కాడ లేస్తుంది.

మొగ్గ విచ్చేలోపే ఆ కాడ రాత్రిపూట తెగిపోతోంది. మట్టికి రెండు వేళ్ల పైన, బ్లేడుతో కోసినట్టు ఏటవాలు కోత. మొగ్గలు తినకుండా పక్కనే పడి ఉంటాయి. ఆకులు బాగానే ఉన్నాయి, మట్టి తవ్విన గుర్తు లేదు, కాబట్టి అడవిపంది, ముళ్లపంది కావనుకుంటున్నా.

చెవులపిల్లి అనుమానంతో రేగు కంప వేశాం, ఆగలేదు. అంగుళం కన్నుల ఇనుప జాలీ బోర్లిస్తే లోపలి కాడలూ తెగాయి. ట్రైల్ కెమెరాలో (ఏదైనా కదిలితే తానే ఫొటో తీసేది) అడవిపిల్లి, కౌజులు పడ్డాయి గానీ కాడల దగ్గర ఏదీ ఆగలేదు.

పురుగుమందు మాత్రం కొట్టను. ధూళంత సన్నని ఈ ఆర్కిడ్ విత్తనాలు నేలలోని బూజు తోడు లేనిదే మొలవవు. పైగా అంతరించిందనుకున్న కలివికోడి అనే పిట్ట 1986లో మళ్లీ కనిపించిన కొండలివి, పురుగుల మీద బతికే పిట్టలు ఎన్నో ఉన్నాయి.

జాలీలో దూరి, కాడ కోసి, మొగ్గను తినకుండా వదిలేసేది ఇలకోడా, మొదలు కొరికే పురుగా, చిట్టెలుకా? కోత చూసి గుర్తుపట్టగలిగినవారు చెప్పరా?