టెర్మినేటర్ 2 పాదరసం మనిషి ఇప్పటికీ నమ్మిస్తాడు, మా క్రోమ్ బొమ్మ మాత్రం తేలిపోతోంది. ఎందుకు?

ఫ్రేమ్24:
షార్ట్ ఫిల్మ్ కోసం బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో పాదరసం లాంటి మనిషిని చేస్తున్నాం. మెటాలిక్ (లోహపు గుణం) 1, రఫ్‌నెస్ (గరుకు) సున్నా, లైటింగ్ మొత్తం ఒక్క హెచ్‌డీఆర్ఐ (చుట్టూ ఉన్న వెలుగంతా పట్టిన ఫోటో) మీదే. మోడల్ బాగానే ఉంది కానీ ప్లేట్ (కెమెరాతో తీసిన అసలు షాట్) మీద స్టిక్కర్ అంటించినట్టుంది. 1991 నాటి ఆ సినిమాలోని పాదరసం విలన్ టీ-1000 పక్కన పెడితే సిగ్గేస్తోంది. అప్పటి మెషీన్లతో వాళ్లకెలా కుదిరింది? రిఫరెన్స్‌కి ఏ వెర్షన్ చూడాలి?

రోటోవీరుడు:
ముందు లెక్క చూడండి. సినిమా 137 నిమిషాలు. అందులో ఐఎల్ఎం అనే ఎఫెక్ట్స్ కంపెనీ వాళ్ల కంప్యూటర్ లోహం కనిపించేది ఐదారు నిమిషాలకు మించదు. మిగతాదంతా టీ-1000 వేషం వేసిన రాబర్ట్ పాట్రిక్ ఒళ్లు, సెట్లో వాడే ఎఫెక్ట్ బొమ్మలు చేసే స్టాన్ విన్‌స్టన్ బృందం చేతిపని.

గుళ్లు తగలగానే ఛాతీ మీద విచ్చుకునే వెండి పువ్వులున్నాయి కదా, అవి గ్రాఫిక్స్ కావు. క్రోమ్ రంగు పూసిన ఫోమ్ రబ్బరు ముక్కలకు స్ప్రింగులు బిగించి, యూనిఫాం కింద మడిచి పెట్టారు. బట్టకు ముందే గాటు ఉంటుంది, సమయానికి వదిలితే చీల్చుకుని తెరుచుకుంటుంది. వస్తువు సెట్లోనే ఉంది కాబట్టి సెట్లో లైటే దాని మీద పడింది. గాయం పూడుకునేటప్పుడు మాత్రం కంప్యూటర్ దిగుతుంది. అసలు పువ్వును అప్పుడే చూశాం గనుక కంటికి అనుమానం రాదు.

ఆసుపత్రి గచ్చులోంచి లేచే సీనూ అంతే. గార్డు, అతని నకలు ఎదురెదురుగా నిలబడటానికి స్ప్లిట్ స్క్రీన్ వాడలేదు, డాన్ స్టాంటన్, డ్యాన్ స్టాంటన్ అనే కవలలను పెట్టారు. మీ సినిమాలో ఎన్ని షాట్లు పూర్తిగా సీజీ (కంప్యూటర్ బొమ్మ)? సగానికి పైగా అయితే అక్కడే కత్తెర పెట్టండి.

లైట్‌మీటర్:
పైన చెప్పింది నిజమే, కానీ స్టిక్కర్‌లా కనబడటానికి కారణం వేరు. క్రోమ్‌కు సొంత రంగు లేదు, చుట్టూ ఉన్నదే దాని రంగు. హెచ్‌డీఆర్ఐని సాఫ్ట్‌వేర్ అనంత దూరంలో ఉన్నట్టు లెక్కేస్తుంది. మీ మనిషి నాలుగడుగులు వేసినా పక్క గోడ అతని భుజం మీద జారదు, పాదంలో నేల కనబడదు. తేలిపోవడం అంటే ఇదే.

నటుడు నడిచే దారిలో కనీసం రెండు చోట్ల, నడుము ఎత్తున క్రోమ్ బంతి పెట్టి ఫోటోలు తీయండి. చోటుకు 5 ఎక్స్‌పోజర్లు, మధ్య 2 స్టాపుల (వెలుగు నాలుగు రెట్ల) తేడా. ఒక్క ఎక్స్‌పోజర్‌తో సరిపెడితే దీపాల అసలు వెలుగు ఫోటోలో పట్టక క్లిప్ అయి, లోహం మీద మెరుపు బూడిద రంగులో చచ్చిపోతుంది. తర్వాత గది కొలతల ప్రకారం నేల, దగ్గరి గోడలు, తలుపు చట్రాలు మామూలు డబ్బాల్లా కట్టి, ఆ ఫోటోలను వాటిపై ప్రొజెక్ట్ చేయండి. బ్లెండర్ రెండర్ ఇంజన్ సైకిల్స్‌లో ఆ డబ్బాలకు రే విజిబిలిటీలో కెమెరా తీసేసి గ్లాసీ ఉంచితే చాలు, అవి నేరుగా కనబడవు, లోహంలో ప్రతిబింబంగా మాత్రం కనబడతాయి.

రఫ్‌నెస్ సున్నా వద్దు, 0.03 నుంచి 0.06 మధ్య పెట్టండి. ప్లేట్ 24 ఫ్రేములు, 1/48 షట్టర్ అయితే రెండర్ షట్టర్ 0.5. గ్రెయిన్ (ఫిల్మ్ మీది సన్నటి చుక్కల గరుకు) అన్నింటికన్నా చివర్లో, లోహం మీద కూడా. నున్నటి వస్తువు కదా అని వదిలేస్తే అక్కడే దొరికిపోతారు.

నడక విషయానికొస్తే, పాట్రిక్ ఒంటి మీద గళ్లు గీసి, నడిపించి షూట్ చేసి, ఆ కదలికనే వెండి మనిషికి ఇచ్చారు. మీరు చేత్తో యానిమేట్ చేస్తుంటే ముందు మనిషి నడకను వీడియో తీసుకోండి.

మూడోరీలు:
లైటింగ్ ఒక్కటే అయితే ఇన్నేళ్లు ఎవరూ తిరగతిరగ చూడరు. టీ-1000కి ఒక హద్దు పెట్టారు చూడండి: తుపాకీ, బాంబు లాంటి యంత్రాలుగా మారలేడు, కత్తులు, గుచ్చే ఆయుధాలే. ఆ ఒక్క డైలాగుతో వాడు ఎంత దగ్గరికి వస్తే అంత ప్రమాదమని ప్రేక్షకుడికి తెలిసిపోతుంది. కటకటాల షాట్‌లోనూ అంతే. ఒళ్లంతా ఊచల్లోంచి జారిపోయాక చేతిలో తుపాకీ టక్కున తట్టుకుంటుంది, దాన్ని తిప్పి తీసుకుంటాడు. ఊచలు గట్టివని మనకు చెప్పేది ఆ తట్టుకోవడమే. అక్కడి జారుడు శబ్దం డబ్బాలోంచి జారే కుక్క మేతది! సౌండ్ డిజైనర్ గ్యారీ రైడ్‌స్ట్రామ్ పని. మీ బొమ్మకూ సెట్లో ఉన్న అసలు వస్తువు ఒకటి అడ్డం పడేలా చూడండి.

పాతడిస్కు:
వెర్షన్ సంగతి: మొదటిసారి చూస్తే థియేటర్ వెర్షనే. స్పెషల్ ఎడిషన్ పావుగంట ఎక్కువ, ష్వార్జ్‌నెగర్ టెర్మినేటర్ తలలోంచి చిప్ బయటికి తీసే అద్దం సీన్ అందులోనే ఉంది. అక్కడ అద్దమే లేదు. ఇవతల హీరోయిన్ లిండా హామిల్టన్ కవల సోదరి, ష్వార్జ్‌నెగర్ బొమ్మ. అవతల అసలు ఇద్దరూ. చిన్న బడ్జెట్‌కు మంచి పాఠం. గ్రెయిన్ మ్యాచింగ్‌కు మాత్రం 2017 త్రీడీ రీస్టోరేషన్ నుంచి వచ్చిన 4కే డిస్కును నమ్ముకోవద్దు, నాయిస్ తీసేసి చర్మాన్ని మైనంలా చేశారు.

ఫ్రేమ్24:
డబ్బాలు కట్టగానే పాదాలు నేలకు అంటుకున్నాయి, థాంక్స్ అండీ. నేల మాత్రం ఇంకా చప్పగా ఉంది. షాడో క్యాచర్ (నీడ పట్టడానికి పెట్టే, రెండర్‌లో కనబడని నేల) పెట్టాం.

లైట్‌మీటర్:
షాడో క్యాచర్ పని ముఖ్యంగా నీడ పట్టడమే. లోహం నుంచి తిరిగి నేల మీద చిందే వెలుగు లేదు. దాని కోసం కాస్టిక్స్ (మెరిసే వస్తువు నుంచి చిందే వెలుగును లెక్కించడం) మీద ఆధారపడితే ఫ్రేముకు చాలాసేపు పడుతుంది, చుక్కలు వస్తాయి. వంకరటింకర చారల టెక్స్చర్‌తో ఒక స్పాట్ లైట్‌ను బొమ్మ తుంటికి పేరెంట్ చేసి (దానితో పాటే కదిలేలా కట్టి) నేలకు తిప్పండి. నేలకు మాత్రమే తగిలేలా విడిగా రెండర్ చేసి, కంపోజిట్‌లో యాడ్ మోడ్‌లో 10 శాతంతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోండి. కంటికి ‘ఆహా, వెలుగు’ అని తెలిసిందంటే ఎక్కువైనట్టే, సగానికి తగ్గించండి.