పడగ్గదిలో గోల్డ్‌ఫిష్ ట్యాంకు: చప్పుడు లేని ఫిల్టరు ఏది?

రెండడుగుల తొట్టి:
ట్యాంకు 24×12×12 అంగుళాలు, నీళ్ళు 50 లీటర్ల దాకా పడతాయి. రెండు ఓరాండాలు (గోల్డ్‌ఫిష్‌లో ఒక రకం), తోక కాకుండా మూడేసి అంగుళాలు. ట్యాంకు చెక్క టేబుల్ మీద, మంచానికి దగ్గర్లోనే ఉంది. నీళ్ళలో మునిగి ఉండే చిన్న ఇంటర్నల్ పవర్ ఫిల్టరు, దాంతోపాటు ఒక ఎయిర్ పంపు నడుస్తున్నాయి. పగలు తెలియదు గానీ రాత్రి పది దాటాక గుయ్యిమని ఒకటే మోత. అందుకని పడుకునేముందు రెండూ ఆపేసి పొద్దున్నే వేస్తున్నాం. హ్యాంగాన్ (ట్యాంకు అంచుకు తగిలించేది) కొనాలా, క్యానిస్టరా (ట్యాంకు బయట పెట్టే మూసిన డబ్బా), స్పాంజా (ఎయిర్ పంపు గాలితో నడిచేది)? రెండు వేలు దాటకూడదు. కరెంటు రోజూ గంటో రెండు గంటలో పోతుంది.

నాచుపచ్చ:
ముందు రాత్రిళ్ళు ఆపడం మానేయండి. చేప వదిలే అమ్మోనియాను విరగ్గొట్టే బాక్టీరియా ఎక్కువగా ఫిల్టరు లోపలి స్పాంజిలోనే ఉంటుంది, దానికి ఆక్సిజన్ పారే నీళ్ళతోనే అందుతుంది. మూసిన డబ్బాలో నీళ్ళు రాత్రంతా కదలకపోతే అది చావడం మొదలవుతుంది, పొద్దున స్విచ్ వేయగానే ఆ మురిగిన నీళ్ళే ట్యాంకులోకి వస్తాయి.

కొత్తది కొనేముందు మోత ఎక్కణ్ణుంచో తేల్చుకోండి. నడుస్తున్న ఎయిర్ పంపును చేత్తో పైకెత్తండి. చప్పుడు సగానికి పడిపోతే తప్పు పంపుది కాదు, టేబుల్‌ది. బోలుగా ఉన్న చెక్క డోలులా మోగుతుంది. పంపును గోడ మేకుకు తాడుతో వేలాడదీయండి, లేదా నాలుగు మడతలేసిన తువ్వాలు మీద పెట్టండి. ట్యూబు అద్దానికి తగిలినా జుయ్యిమంటుంది. పంపు నీటిమట్టం కన్నా పైన ఉండాలి, లేదంటే ట్యూబులో నాన్‌రిటర్న్ వాల్వు పెట్టాలి. కరెంటు పోయినప్పుడు నీళ్ళు వెనక్కి పాకి పంపులోకి దిగుతాయి. ఎయిర్ స్టోను (ట్యూబు చివర బుడగలు తెప్పించే రాయి) పూడుకుపోయినా పంపు లోపలి రబ్బరు డయాఫ్రం (కొట్టుకునే పొర) మీద ఒత్తిడి పెరిగి మోత ఎక్కువవుతుంది, చివరికి అది చిరుగుతుంది. స్టోను చవక, మార్చేయండి.

మోత ఇంటర్నల్‌దైతే ప్లగ్గు పీకాకే చేయి నీళ్ళలో పెట్టండి. ఇంపెల్లరు (నీళ్ళను తోసే చిన్న చక్రం) బయటికి లాగి, అది కూర్చునే గుంతను పాత టూత్‌బ్రష్‌తో తోమండి. గటగటమంటోందంటే దాదాపుగా ఇసుక రేణువో నత్త గుల్ల ముక్కో ఉన్నట్టే. సన్న ఇరుసుకి రెండు చివర్లా ఉండే చిన్న రబ్బరు బుష్‌లు కడిగేటప్పుడు సింకులో జారిపోతుంటాయి, అవి లేకపోతే ఎంత తోమినా మోగుతూనే ఉంటుంది. సక్షన్ కప్పులు గట్టిపడితే ఫిల్టరు ఒళ్ళు అద్దానికి తగిలి మోగుతుంది. గాలి పీల్చే సన్న గొట్టం ఉంటే తీసేయండి, ఎయిర్ పంపు ఎలాగూ ఉంది కదా.

బుడగలమూట:
కొనాల్సి వస్తే నా ఓటు జంట స్పాంజి ఫిల్టరుకే. నీళ్ళలో తిరిగే భాగమే లేదు. గుడగుడ తగ్గాలంటే పైకి లేచే గొట్టం లోపల చిన్న ఎయిర్ స్టోను అమర్చండి: పెద్ద బుడగల బదులు సన్నవి వస్తాయి. గొట్టం మూతి నీటిమట్టానికి కాస్త కిందే ఉండాలి.
హ్యాంగాన్ పడగ్గదికి వద్దండి. ఎండాకాలంలో నీళ్ళు ఆవిరై మట్టం అంగుళం దిగిందంటే చాలు, ధార పడే చప్పుడు మొదలు. క్యానిస్టరు చప్పుడు తక్కువే గానీ మీ బడ్జెట్‌లో దొరకడం కష్టం.

మూడోపూట:
స్పాంజి ఒక్కటే ఓరాండాలకు చాలదు, ఇక్కడ నేను ఒప్పుకోను. గోల్డ్‌ఫిష్ రెట్ట బరువుగా అడుగునే ఉండిపోతుంది, గాలి బుడగల లాగుడు దాన్ని ఎత్తలేదు. పూర్తిగా మునిగి ఉండే ఇంటర్నల్, గంటకు 500–600 లీటర్లది, పెద్ద స్పాంజి ఉన్నది చూడండి. డబ్బా మీది అంకె స్పాంజి లేని ఖాళీ పంపుది. స్పాంజి కాస్త మురికి పట్టగానే తగ్గుతుంది. ధారను అద్దం వైపు తిప్పండి, ఓరాండాలు ఎదురీతలో బలహీనం.
పాతది వెంటనే తీసేయొద్దు. రెండూ కలిపి నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి, కొత్త స్పాంజికి బాక్టీరియా పట్టాలి. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్ళలోనే పిండండి. కుళాయి నీళ్ళ క్లోరిన్ బాక్టీరియాను చంపుతుంది.

రెండడుగుల తొట్టి:
పంపు ఎత్తి చూశాను, మోత సగానికి పైగా టేబుల్‌దే. ఇంపెల్లరు గుంతలో రాయి ముక్క కూడా దొరికింది. ప్రస్తుతానికి కొనట్లేదు. కరెంటు పోయినప్పుడు ఏం చేయాలి?

నాచుపచ్చ:
పవర్ బ్యాంకుతో నడిచే యూఎస్‌బీ ఎయిర్ పంపు ఒకటి ఉంచుకోండి. కొన్ని పవర్ బ్యాంకులు ఇంత తక్కువ కరెంటు లాగే వస్తువును గుర్తించక కాసేపటికి వాటంతటవే ఆగిపోతాయి, ముందే ఒక గంట నడిపి చూసుకోండి. ఆ పంపుకి స్పాంజి తగిలిస్తే పైన ఇద్దరి గొడవా తీరుతుంది: ఇంటర్నల్ చెత్తను పట్టుకుంటుంది, స్పాంజి కరెంటు లేనప్పుడు కాస్తుంది. కరెంటు లేని వేళ మేత వేయొద్దు. ఇంకోటి, రెండు ఓరాండాలకు 50 లీటర్లు ఇరుకే. వారానికోసారి 20 లీటర్లు మార్చండి, కొత్త నీళ్ళలో యాంటీ క్లోరిన్ కలిపాకే పోయండి.