‘ఏకై వచ్చి మేకై…’ తరువాతి మాట ఏది?

ప్రశ్న (గుంటూరు నుంచి):
మా నాయనమ్మ వసారాలో కూర్చుని నూలు తీసే తకిలి తిప్పుతూ, చుట్టపుచూపుగా వచ్చి నెలల తరబడి కదలనివారిని గురించి ‘ఏకై వచ్చి మేకై…’ అని ఒక సామెత అనేది. ఆ చివరి క్రియ నాకు గుర్తుకు రావడం లేదు. ‘కూర్చున్నాడు’ అనేదా, ‘దిగబడ్డాడు’ అనేదా? ‘ఏకు మేకైనట్లు’ అన్న పొట్టి రూపం నాకు తెలుసు. కావలసినది ఆ పెద్ద రూపం. నూలు వడుకుతూ అనేది కాబట్టి ఆ పనితో దానికి సంబంధం ఉందేమోనని కూడా నా అనుమానం.

రాజమహేంద్రవరం నుంచి:
క్రియ కంటే ముందు ‘మే’ సంగతి తేలాలండీ. ‘ఏకు’, అంటే నూలు తీయడానికి చుట్టిన మెత్తని దూది బత్తి, అచ్చమైన తెలుగు మాట. ‘మేకు’ పారసీకపు ‘మీఖ్’, హిందీ ‘మేఖ్’ దారిన మన దగ్గరకు వచ్చిందని నా నమ్మకం. అప్పుడు సామెత ఆ మాట తెలుగులో స్థిరపడిన తరువాతిదైనా కావాలి, లేదా ‘మే’ ఉన్నచోట పూర్వం మరొక అక్షరమైనా ఉండి ఉండాలి. అన్నట్టు, నూలు ‘వడకుతాం’. చలికి వణకడమనే అర్థంలో ‘వడఁకు’కు అరసున్న ఉంది, ఆ రెండూ వేర్వేరు ధాతువులు.

పొందూరు పక్క ఊరి నుంచి:
మాస్టారూ, మా వైపు ఇళ్ళలో ‘వడుకు’ అనే వింటాం, దానిని తప్పనకండి. ఇక ‘మేకు’ గోడకు కొట్టే మేకు కాదని నేను అనుకుంటున్నాను. మా అమ్మ వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి, గింజ తీసి, విల్లుతో దూది ఏకి, చుట్టిన ఏకులను నలగకుండా ఎండిన అరటి దొప్పలో ఉంచుకునేది. ఎడమచేతిలోని ఏకు అంత మెత్తనిది; గట్టిగా పట్టుకుంటే వేలిముద్ర పడుతుంది. కుడిచేత్తో రాట్నం తిప్పుతూ ఏకును వెనక్కి లాగితే కదురు అనే ఇనుప పుల్ల కొన దగ్గర పోగుకు పురి ఎక్కుతుంది. చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి ఆ పోగును కదురుకు చుట్టాలి. సాయంత్రానికి ఆ చుట్ట బిగిసి, గోటితో నొక్కినా దిగని కండె అవుతుంది. పొద్దున ఏకై వచ్చినది సాయంత్రానికి కదురును పట్టుకుని మేకై కూర్చుంటుంది. సామెతలోని చుట్టం కూడా అలా బిగుసుకున్నవాడే.

రాజమహేంద్రవరం నుంచి:
వర్ణన బాగుందమ్మా, కాని కండెను ‘మేకు’ అన్న వాడుక ఒక్కటైనా చూపాలి కదా! ఇనుప కదురే మేకు వంటిదంటే ఒప్పుకోగలను. అయితే ఏకు కదురుగా మారదు.

వరంగల్ నుంచి:
మీరిద్దరూ ‘మే’ దగ్గరే ఆగిపోయారు, అసలు బలం ‘ఏ’లో ఉంది. ఏకడమనే క్రియ నుంచే దూదేకులవారు అన్న పేరు వచ్చింది, ‘ఏకిపారేశాడు’ అన్న తిట్టూ వచ్చింది. వింటిదెబ్బలు తిని మెత్తబడినది ఏకు, సుత్తిదెబ్బలు తిని దిగబడేది మేకు. దెబ్బకు లొంగిన వస్తువు, దెబ్బ కొద్దీ పాతుకునే వస్తువు పక్కపక్కన నిలిచిన జంట ఇది. ఇందులో కండె అవసరం నాకు కనబడదు.

డాలస్ నుంచి:
నేను ఇక్కడ వేలాడే కదురు మీద ఉన్ని వడకడం నేర్చుకున్నాను. బిళ్ళ ఉన్న కదురును గాలిలో తిప్పి వదిలితే దాని బరువే పోగును సాగదీస్తుంది. ఉన్ని పీచు పొడుగు కనుక ఆ బరువును ఓర్చుకుంటుంది. అదే పనిని పత్తితో చేయబోతే, పీచు పొట్టిది కావడం వల్ల పోగు పదేపదే తెగింది. తకిలి మొనను చిన్న గిన్నెలో ఆనించి తిప్పిన తరువాతే పోగు నిలిచింది. ఉన్ని కదురు మీద కూడా చుట్ట బిగిసి రాయిలా అవుతుంది కాబట్టి నా ఓటు పొందూరు అక్కగారికే.

పొందూరు పక్క ఊరి నుంచి:
సంతోషం తమ్ముడూ. అంబర్ చరఖా మీద నేర్చుకున్న పిల్లలకు ఈ మాట చెబితే బోధపడదు. దాని మీద ఒకేసారి అనేక కదుళ్ళు తిరుగుతాయి, ఒక్కరి చేతిలో నూలు ఎన్నో రెట్లు వస్తుంది. కూలి గిట్టాలంటే అది కావాలి, కాదనను. కాని అక్కడ పోగును సాగదీసేది రోలర్లు, వేళ్ళు కావు. దూది కూడా మిల్లులో సన్నని బత్తిగా సాగదీసి గొట్టానికి చుట్టిన రోవింగ్ బాబిన్‌గా వస్తుంది. పోగు ఎక్కడ పలచబడుతుందో వేలికి తెలియడం ఒంటి కదురు దగ్గరే ఉంది. నూరో నంబరు నూలంటే ఒక పౌను బరువులో 84,000 గజాల పోగు! దానిని వేళ్ళతో సాగదీసినవారి నోట పుట్టిన సామెతలో ఏకును ఉత్త ప్రాస కోసం తెచ్చారంటే నేను ఒప్పుకోను.

వరంగల్ నుంచి:
ప్రాసను తక్కువ చేయకండి. బసవరాజు అప్పారావు గారు గాంధీ గారి మీది పాటలోకి ‘కొల్లాయి’ని తెచ్చారు కనుకనే, కొల్లాయి కట్టేవారు లేని ఇళ్ళలో కూడా ఆ మాట బతికింది. ఏకును ఈ నాటికీ నిలబెడుతున్నది పక్కనున్న ఆ మేకే.

రాజమహేంద్రవరం నుంచి:
అప్పారావు గారి మాట ఎత్తారు కాబట్టి నేనూ మెత్తబడుతున్నాను. అయినా కండెకు మేకన్న పేరు ఉన్నట్లు ఒక్క వాడుక దొరికేవరకు నా అభ్యంతరం అలాగే ఉంటుంది.

గుంటూరు నుంచి:
అందరికీ నమస్కారం. మీ మాటలు చదువుతుంటే నాయనమ్మ కండెను గోటితో నొక్కి చూసుకోవడం గుర్తుకు వచ్చింది. ఆ నొక్కడం, సామెత అనడం ఒకే క్షణంలో జరిగేవో కాదో చెప్పలేను. ‘మేకై’ తరువాత ఆమె ఏ క్రియ అనేదో మీలో ఎవరి ఇంట్లోనైనా వినబడి ఉంటే చెప్పండి.