కోరింగలో వలస పక్షులు ఎప్పుడు బాగా కనిపిస్తాయి?

ప్రశ్న (రాజమండ్రి):
మా అమ్మాయి ఏడో క్లాసు, పక్షులంటే ప్రాణం, బైనాక్యులర్స్ కూడా కొన్నాం. మే నెలలో కోరింగ తీసుకెళ్తే బోర్డ్‌వాక్ మీంచి నాలుగు కొంగలు, ఒక లకుముకి పిట్ట కనిపించాయంతే. సైబీరియా పక్షులు బోలెడు దిగుతాయంటారు కదా, అవి ఎప్పుడొస్తాయి, ఎక్కడ నిలబడి చూడాలి?

జవాబు 1:
మడ చెట్ల మధ్యలో ఉల్లంకులు (మీరడిగిన వలస పక్షుల్లో చాలావరకు ఇవే, నీటి అంచున తిరిగే పొడుగు ముక్కు పిట్టలు) పెద్దగా కనపడవండీ, వాటి తిండంతా బురదలో ఉంటుంది, పురుగులు, చిన్న పీతలు, బుల్లి గుల్లలు. కాకినాడ అఖాతం వైపు బురద మేటలు చూడాలి. నెల సంగతి తర్వాత, ముందు పోటు పాటు కనుక్కోండి. పోటు మీదుంటే మేటలు మునిగిపోతాయి, పక్షులు హోప్ ఐలాండ్ లాంటి ఇసుక దిబ్బల మీద చేరి పడుకుంటాయి, నీళ్లు తీయడం మొదలయ్యాక నీటి అంచు వెంటే పరిగెడుతూ తింటాయి, అదీ చూడాల్సిన టైము. పోటు రోజూ ఓ 50 నిమిషాలు ఆలస్యమవుతుంది కాబట్టి పోయిన వారం టైము ఈ వారం పనికిరాదు.

జవాబు 2:
పైన చెప్పింది కరెక్ట్. నెలలంటారా, ఆగస్టు చివర్నించే రావడం మొదలు, డిసెంబరు జనవరికి గాడ్‌విట్లు, కర్లూలు, గ్రేట్ నాట్లు (అన్నీ ఉల్లంకి రకాలే), అదృష్టం ఉంటే ఇండియన్ స్కిమ్మర్ (కింది ముక్కు పై ముక్కు కంటే పొడుగు, ఎగురుతూనే నీళ్లని కోస్తూ పోతుంది). అందరూ అప్పుడే వెళ్తారు గానీ నన్నడిగితే మార్చి చివర, ఏప్రిల్. చలికాలమంతా బూడిద రంగులో ఉన్న కర్లూ శాండ్‌పైపర్ అప్పుడు ఇటుక ఎరుపుకి తిరుగుతుంది, పిల్లలు కూడా ఇట్టే గుర్తుపడతారు. మే వచ్చేసరికి దాదాపు అన్నీ వెళ్లిపోతాయి, ఆ ఏడాది గుడ్లు పెట్టని కుర్ర పక్షులు కొన్ని మాత్రం ఉండిపోతాయి.

జవాబు 3:
ఒక్క రిక్వెస్ట్. ఫోటో కోసం పడవని గుంపు మీదకి పోనివ్వద్దు దయచేసి. వేల కిలోమీటర్ల ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునే రోజులవి, లేపిన ప్రతిసారీ అది కరిగిపోతుంది. చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రం ఒడ్డున, వలస దారిలో ఆగి తినే మేటలు పూడ్చేయడంతో గ్రేట్ నాట్లు బాగా తగ్గిపోయి 2015లో అంతరించే ప్రమాదమున్న జాబితాకెక్కాయి, మన దగ్గరన్నా ప్రశాంతంగా తిననిద్దాం.

ప్రశ్న అడిగినవారు:
చాలా థాంక్సండీ. ఉగాదికి వెళ్దామనుకుంటున్నాం, ఓకేనా?

జవాబు 1:
ఉగాది అమావాస్య పక్కనే కదండీ, నీళ్లు మరీ దూరం తీసేస్తాయి, పక్షులూ వాటితోపాటే దూరం పోతాయి, మీ బైనాక్యులర్స్‌కి అందవు. శ్రీరామనవమికి వెళ్లండి, అప్పటికి పోటు పాటు తేడా తగ్గుతుంది, ఒడ్డుకి దగ్గర్లోనే తింటుంటాయి.