అప్‌డేట్: ఏరో ఇండియా 2025కి వెళ్లొచ్చాం. సారంగ్ లేదు, ఎస్‌యూ-57 ఉంది

బెంగళూరు యలహంకలో జరిగే ఏరో ఇండియా విమాన ప్రదర్శనకి వైమానిక దళం విన్యాసాల జట్టు సారంగ్ హెలికాప్టర్లు వస్తాయా, మావాడికి ఏ టికెట్ తీసుకోవాలి అని ఇంతకుముందు పోస్టులో అడిగింది నేనే. హిందూపురం నుంచి పొద్దున్నే రైలెక్కి యలహంకలో దిగాం. జనాన్ని అనుమతించింది ఫిబ్రవరి 13, 14 తేదీల్లోనే కాబట్టి బడికి ఒకరోజు డుమ్మా తప్పలేదు.

సారంగ్ రాలేదు. జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్ గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలాక ఆ రకం హెలికాప్టర్లన్నీ ఆపేశారు. సారంగ్ ఎగిరేది వాటితోనే. మావాడు మొహం ముడుచుకున్నాడు, కానీ ఎంతసేపు? వైమానిక దళం సూర్యకిరణ్ జట్టు హాక్ జెట్‌లు తొమ్మిదీ మా నెత్తిమీదుగా వెళ్లి కాషాయం, తెలుపు, ఆకుపచ్చ పొగ వదిలేసరికి అన్నీ మర్చిపోయాడు.

ఇక రష్యా యుద్ధ విమానం ఎస్‌యూ-57. ముక్కు పైకెత్తి, గాల్లో దాదాపు ఆగిపోయినట్టు నిలబడి, మళ్లీ ఊపందుకుంది. ఇంజిన్ నాజిల్స్ (వెనక మంట బయటికొచ్చే గొట్టాలు) అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టే అది సాధ్యం. ఆ మోతకు నా చేతిలో టీ కప్పు వణికింది. కొంచెం ఒలికింది కూడా. అమెరికా యుద్ధ విమానం ఎఫ్-35 కూడా అదే షోకి వచ్చింది. ఈ రెండూ ఒకే చోటికి రావడం చిన్న విషయం కాదు.

టికెట్ సంగతి: 2025 షోలో విన్యాసాలే చాలనుకున్నవాళ్లకి వ్యూయింగ్ ఏరియా (విన్యాసాలు చూసే చోటు) టికెట్ సరిపోయింది. కంపెనీల స్టాళ్లలోకి మాత్రం దాంతో వెళ్లనివ్వలేదు. టోపీ, నీళ్లు మర్చిపోవద్దు. నేను టోపీ మర్చిపోయాను, ముక్కు ఇంకా మండుతోంది.