బాబు పోకెమాన్ కార్డులకి ఏ బైండర్ కొనాలి?

మాధవి, ఎడిసన్:

అందరికీ నమస్తే. ఈమధ్యే హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ వచ్చాం. బాబుకి తొమ్మిదేళ్లు. స్కూల్లో పిల్లలంతా పోకెమాన్ కార్డుల మీదే ఉన్నారు. వీడి దగ్గర కూడా నాలుగైదు వందలు పోగయ్యాయి, సగం రబ్బరు బ్యాండ్లు వేసి, సగం చెప్పుల డబ్బాలో. వీటిని పెట్టుకునే ప్లాస్టిక్ పాకెట్ల ఆల్బమ్, అదే బైండర్, కొందామని చూస్తే 4 పాకెట్ అంటారు, 9 పాకెట్ అంటారు, 360 అంటారు, రింగులంటారు, జిప్పంటారు, ధరలు చూస్తే ఎక్కడా పొంతన లేదు. ఏది కొనాలో కాస్త చెప్తారా? ఇండియా నుంచి తెచ్చుకున్న రెజ్లింగ్ ట్రంప్ కార్డులు కూడా అందులోనే పెడతానంటున్నాడు.

రవికిరణ్, ఈస్ట్ బ్రన్స్‌విక్:

మాధవి గారూ, ముందు ఆ రబ్బరు బ్యాండ్లు తీసెయ్యండి. బైండర్ సంగతి వారం తర్వాత చూసుకున్నా నష్టం లేదు. బ్యాండు పట్టిన చోట పై కార్డుకీ అడుగు కార్డుకీ అంచు నొక్కుకుపోతుంది, ఆ నొక్కు ఇక పోదు.

అంకెల లెక్క ఇదీ. 9 పాకెట్ అంటే పేజీకి ఒక వైపు మూడు వరుసల్లో మూడేసి కార్డులు. రెండు వైపులా కలిపి 18. మామూలు జిప్ బైండర్‌లో 20 పేజీలు కుట్టేసి వస్తాయి కాబట్టి 360. అదే 20 పేజీలు 4 పాకెట్‌వైతే 160, 12 పాకెట్‌వైతే 480. వాల్ట్ ఎక్స్, అల్టిమేట్ గార్డ్, అల్ట్రా ప్రో, డ్రాగన్ షీల్డ్ కంపెనీలు, అందరిదీ ఇంచుమించు ఇదే లెక్క. డ్రాగన్ షీల్డ్‌లో 576 పట్టేది కూడా ఉంది గానీ తొమ్మిదేళ్ల పిల్లాడు ఒళ్లో పెట్టుకుని తిప్పే సైజు కాదది.

కొనేటప్పుడు చాలామంది అట్ట మీద పికాచు బొమ్మ చూసి కొంటారు. కార్డుని తాకేది పేజీ, అట్ట కాదు. కాబట్టి పేజీ గురించి మూడు సంగతులు చూడండి.

మొదటిది ప్లాస్టిక్. పాలీప్రొపిలీన్ అని, పీవీసీ లేదని రాసి ఉండాలి. పీవీసీని మెత్తగా చేయడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం ఏళ్ల తరబడి మెల్లగా బయటికొస్తుంది. కార్డు ముఖం పేజీకి అతుక్కుంటుంది, లాగితే బొమ్మ లేచి వస్తుంది. కొత్త బైండర్ తెరవగానే కొత్త షవర్ కర్టెన్‌లా గుప్పున వాసన కొడితే వెనక్కి పంపేయండి. కొద్దిపాటి జిగురు వాసన అట్టది కావచ్చు, రెండు మూడు రోజులు తెరిచి గాలికి పెడితే పోతుంది.

రెండోది పాకెట్ నోరు ఎటుందో. పైనుంచి దూర్చే పాకెట్లలో బైండర్‌ని తలకిందులు చేస్తే కార్డులు జారతాయి. పక్క నుంచి దూర్చేవి, అంటే సైడ్ లోడింగ్, కొనండి. అందులోనూ నోరు బైండర్ వెన్ను వైపుకి ఉండాలి. అప్పుడు బైండర్ మూస్తే పాకెట్ నోరూ మూసుకున్నట్టే.

మూడోది, పేజీకి రెండు వైపులా విడివిడి పాకెట్లు ఉన్నాయా లేదా. చవక పేజీల్లో ఒకే పాకెట్ ఉంటుంది, రెండు వైపుల నుంచీ కనిపిస్తుంది. అందులో రెండు కార్డులు వీపులు ఆనించి దూర్చి 18 అనుకుంటారు. రెండోది దూర్చేటప్పుడు మొదటిదాని మూల మడత పడుతుంది. పాడైన కార్డుల్లో చాలా దూర్చేటప్పుడూ తీసేటప్పుడూ పాడైనవే.

శ్రీలక్ష్మి, ఫ్రిస్కో:

రవి గారు చెప్పినవన్నీ నిజమే. రింగు బైండర్ గురించి నేను చెప్తాను, ఎందుకంటే స్కూలు సామాను కొనేటప్పుడు టార్గెట్‌లోనో స్టేపుల్స్‌లోనో కనపడేవి అవే, చవక కూడా.

రింగు గుండ్రంగా ఉంటే కొనొద్దు. మూసినప్పుడు పేజీలు ఆ వంపు మీదకి ఎక్కి కూర్చుంటాయి. వెన్నుకి దగ్గరగా ఉన్న వరుస కార్డుల మీద రింగు ఒత్తుకుని అర్ధచంద్రం ఆకారంలో గీత పడుతుంది. మొదటి పేజీ, చివరి పేజీ ఎక్కువ దెబ్బతింటాయి. జనం మంచి కార్డులు పెట్టేది సరిగ్గా మొదటి పేజీలోనే! ‘డి’ ఆకారం రింగులైతే తిన్నగా ఉన్న వైపు పేజీలు నిటారుగా ఒకదాని మీద ఒకటి ఆనుకుంటాయి. ఆ రింగులు వెన్నుకి కాకుండా వెనక అట్టకి బిగించి ఉంటే ఇంకా మంచిది. అలా ఉన్నా మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఖాళీ పేజీ వదిలేయండి.

రింగు బైండర్‌తో లాభం ఏమిటంటే పేజీలు పెంచుకోవచ్చు, మధ్యలో కలపొచ్చు, ఒక పేజీ చిరిగితే అదొక్కటే మార్చొచ్చు. అల్ట్రా ప్రో ప్లాటినం పేజీలు 100 డబ్బాగా దొరుకుతాయి, ఇద్దరు ముగ్గురు కలిసి కొని పంచుకుంటే గిట్టుబాటు. అవి పైనుంచి దూర్చే రకమే. స్లీవ్, అంటే ఒక్కో కార్డుకి తొడిగే పల్చని ప్లాస్టిక్ తొడుగు, వేసిన కార్డు కాస్త బిగుతుగా ఉంటుంది కాబట్టి జారదు, స్లీవ్ లేకుండా పెడితే జారుతుంది.

వంశీ, డబ్లిన్:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. యూరప్‌లో ఉన్నవాళ్లెవరైనా ఇది చదివి అమెరికా పేజీలు తెప్పించుకుంటారేమో. అమెరికా పేజీలకి మూడు రంధ్రాలు, వాటి మధ్య దూరం 108 మి.మీ. ఇక్కడి ఏ4 ఫైళ్లకి రెండు రింగులు, 80 మి.మీ. దూరం. ఒకదాంట్లో ఒకటి పట్టదు. పదకొండు రంధ్రాల పేజీలు దొరుకుతాయి, అవి రెంటికీ సరిపోతాయి. లేదంటే జిప్ బైండర్ కొనుక్కుంటే ఈ గొడవే లేదు.

మాధవి, ఎడిసన్:

చాలా థాంక్స్ అండీ. అయితే జిప్ బైండరే తీసుకుంటాను. ఇంకో రెండు డౌట్లు. స్లీవులు అంటే ఏవి కొనాలి? బాబు ‘151’ అనే పోకెమాన్ కార్డుల సెట్ మొత్తం పూర్తి చేస్తానంటున్నాడు. కార్డు మీద 199/165 అని ఉంది, 165లో 199వది ఏమిటి?

రవికిరణ్, ఈస్ట్ బ్రన్స్‌విక్:

199/165 అచ్చుతప్పు కాదులెండి. 2023 సెప్టెంబరులో వచ్చిన ఆ సెట్‌లో మామూలు నంబర్లు 165 వరకే. దాని తర్వాత వచ్చేవి అరుదైన బొమ్మలు, అవి 207 దాకా వెళ్తాయి. మీ వాడి దగ్గర ఉన్నది నిజంగా 199 అయితే అది చారిజార్డ్ ఈఎక్స్ (ఈఎక్స్ అంటే ఆటలో బలం ఎక్కువున్న రకం), ఆ సెట్‌లో అందరూ వెతికే కార్డు. ఈ మెసేజ్ చదవడం ఆపి దాన్ని స్లీవ్‌లో పెట్టండి.

‘సెట్ మొత్తం’ అంటే ఏమిటో వాడినే అడగండి. నంబర్లు మాత్రమే అయితే 207, అంటే 9 పాకెట్ పేజీలు పన్నెండు చాలు. రివర్స్ హోలోలు కూడా కావాలంటే, అంటే బొమ్మ వదిలేసి మిగతా కార్డంతా మెరిసే రకం, 165లో ఈఎక్స్ కార్డులు 12 పోగా 153కి అవి ఉంటాయి. 207, 153 కలిపితే 360. 9 పాకెట్ బైండర్ అంచుల దాకా నిండుతుంది, ఒక్క ప్రోమో కార్డుకి (మామూలు ప్యాకెట్లలో కాకుండా విడిగా ఇచ్చేది) కూడా చోటుండదు. ఆ ప్రోమోలూ కావాలంటే 12 పాకెట్ 480 తీసుకోండి.

ఇంకో మాట. లేని కార్డుకి పాకెట్ ఖాళీగా వదలండి. దొరికినవి దొరికినట్టు వరసగా నింపుకుంటూ పోతే, రేపు 37వ నంబరు దొరికిన రోజు ఆ తర్వాతవన్నీ ఒక్కో పాకెట్ జరపాలి. ఒక్కో కార్డూ తీసి పెట్టడమంటే ఒక్కో మూలకీ ఒక్కో ప్రమాదం. చిన్న కాగితం ముక్క మీద నంబరు రాసి ఆ పాకెట్‌లో పెడితే పిల్లాడికీ సరదా.

స్లీవులు: కార్డు 63 × 88 మి.మీ. పెన్నీ స్లీవులని వంద ప్యాకెట్లుగా అమ్ముతారు, పల్చగా ఉంటాయి, బైండర్‌కి అవి చాలు. లోపలొకటి బయటొకటి రెండు స్లీవులు వేయడం ఆటాడే డెక్‌లకి బాగుంటుంది గానీ, 360 కార్డులకీ అలా వేసి 9 పాకెట్‌లో పెడితే బైండర్ ఉబ్బుతుంది. అప్పుడు జిప్పు బలవంతంగా లాగుతారు, చివరి వరుస పాకెట్ల అంచు జిప్పు పళ్లలో పడుతుంది. జిప్పు దానంతటది మూసుకోవాలి. మూసేటప్పుడు అట్టని ఒత్తి పట్టుకోవలసి వస్తే నిండిపోయినట్టే లెక్క.

దూర్చే పద్ధతి పిల్లలకి ఒకసారి చూపించాలి. పెన్నీ స్లీవ్ నోటి దగ్గర రెండు పక్కలా వేళ్లతో కొద్దిగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది. కార్డు అడుగు అంచుని కాస్త వాలుగా పెట్టి, ముందు ఒక మూల లోపలికి పోనిచ్చి తర్వాత రెండోది. రెండు మూలలూ లోపలికెళ్లాక కార్డు దానంతటదే జారుతుంది. తట్టుకుంటే తోయొద్దు, తీసి మళ్లీ మొదలుపెట్టాలి. స్లీవ్ వేసిన కార్డుని పాకెట్‌లో పెట్టేటప్పుడు స్లీవ్ నోరు పైకి, పాకెట్ నోరు పక్కకి, అంటే రెండు నోళ్లూ ఒకే వైపు ఉండవు. దుమ్ము లోపలికి పోవడం కష్టం.

శ్రీలక్ష్మి, ఫ్రిస్కో:

నాలుగైదు వందలూ బైండర్‌లో పెట్టాలని ఏమీ లేదు మాధవి గారూ. వాటిలో సగానికి పైగా ఒకే కామన్ కార్డు మూడు నాలుగు సార్లు వచ్చినవే అయి ఉంటాయి. అవన్నీ అట్టపెట్టెలో నిలబెట్టండి. కార్డుల కోసమే తెల్ల అట్టపెట్టెలు 800 పట్టేవి, 3,200, 5,000 పట్టేవి దొరుకుతాయి, మీకు 800 చాలు. పెట్టె సగం ఖాళీగా ఉంటే కార్డులు వాలి వంగిపోతాయి, మడిచిన కాగితమో స్పాంజి ముక్కో అడ్డం పెట్టండి.

ఆ 199 లాంటివి మరీ విలువైనవి. వాటికి పెన్నీ స్లీవ్, దాని మీద టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ తొడుగు. మామూలు కార్డుకి 35 పాయింట్ల మందం కార్డు పట్టేది అడగండి. స్లీవ్ లేకుండా టాప్‌లోడర్‌లో పెడితే ఆ గట్టి ప్లాస్టిక్కే గీతలు పెడుతుంది. టాప్‌లోడర్ 9 పాకెట్ పేజీలో పట్టదు, బలవంతం చేస్తే కుట్లు పిగులుతాయి. వాటికి పెద్ద పాకెట్ల బైండర్లు వేరే ఉన్నాయి, కానీ అలాంటి కార్డులు పదో పదిహేనో అయ్యేదాకా ఒక చిన్న డబ్బా చాలు.

ట్రంప్ కార్డులు స్కేలు పెట్టి కొలవండి. మన దగ్గర దొరికేవన్నీ ఒకే సైజు కావు. వెడల్పు 63 లోపు ఉంటే అదే స్లీవ్ సరిపోతుంది. పల్చని అట్ట అయితే పాకెట్‌లో అటూ ఇటూ ఆడి మూలలు అరుగుతాయి కాబట్టి స్లీవ్ తప్పనిసరి. యూ-గి-ఓ కార్డులు కూడా చిన్నవే, 59 × 86 మి.మీ., వాటికి విడిగా చిన్న సైజు స్లీవులు అమ్ముతారు. రేపో మాపో మీవాడు అవీ మొదలుపెడతాడు!

ఫణి, పార్సిపనీ:

న్యూజెర్సీ కాబట్టి ఒక్క విషయం. ఇక్కడ బేస్‌మెంట్ చూడగానే సామానంతా అక్కడికి దించాలనిపిస్తుంది. కార్డులు దించకండి. ఎండాకాలం బేస్‌మెంట్‌లో తేమ బాగా పెరుగుతుంది, చలికాలం హీటర్ వేస్తే పై గదుల్లో గాలి ఎండిపోతుంది. మెరిసే ఫాయిల్ కార్డులు వంగేది దీనికే. ఫాయిల్ పొర తేమ పీల్చదు, దాని వెనక కాగితం పీలుస్తుంది. తేమ పెరిగితే కాగితం సాగి కార్డు బొమ్మ వైపుకి వంగుతుంది, గాలి ఎండితే కాగితం ముడుచుకుని వెనక్కి వంగుతుంది. మామూలు కార్డులు బాగానే ఉండి ఫాయిల్‌వి మాత్రమే వంగాయంటే బైండర్ తప్పు కాదు, గది తప్పు.

పది డాలర్ల తేమ మీటర్ ఒకటి అల్మారాలో పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే నిశ్చింత. బట్టల క్లోజెట్‌లో పై అర బాగుంటుంది, బయటి గోడకి ఆనించకుండా, హీటర్ గాలి తగలకుండా. సిలికా జెల్ పొట్లాలు మూత ఉన్న డబ్బాలోనే పనిచేస్తాయి, ఊరికే అరలో పడేస్తే గదిలో గాలంతా పీల్చలేక రెండు రోజుల్లో నిండిపోతాయి. డబ్బాలో మరీ ఎక్కువ వేసినా గాలి ఎండిపోయి కార్డు వెనక్కి వంగుతుంది. 49 శాతం అని రాసి ఉండే రెండు వైపులా పనిచేసే పొట్లాలు ఉన్నాయి, బోవెడా వాళ్లవి, అవి తేమ ఎక్కువైతే పీల్చి తక్కువైతే వదుల్తాయి. విలువైన డబ్బా ఒక్కదానికి అలాంటిది ఒకటి చాలు.

బైండర్‌ని పుస్తకంలా నిలబెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే అడుగుదాని మీద బరువంతా పడుతుంది. వంగిన ఫాయిల్ కార్డుని సరిచేయాలని ఇస్త్రీ పెట్టె దగ్గరికి మాత్రం వెళ్లొద్దు, ఫాయిల్ పొర బుడగలు లేస్తుంది. సరైన తేమలో కొన్నాళ్లుంచితే చాలావరకు అదే చక్కబడుతుంది.

మాధవి, ఎడిసన్:

స్కూలుకి తీసుకెళ్తానంటున్నాడు. పంపొచ్చా?

రవికిరణ్, ఈస్ట్ బ్రన్స్‌విక్:

ముందు టీచర్‌ని అడగండి, చాలా స్కూళ్లలో కార్డులు తేవద్దంటారు. వద్దనకపోతే 4 పాకెట్ చిన్న జిప్ బైండర్ విడిగా కొని, మార్చుకోవడానికి సిద్ధంగా ఉన్నవి మాత్రమే అందులో పెట్టి పంపండి. సెట్ బైండర్ ఇల్లు దాటకూడదు. చిన్నదాంట్లో ప్రతి కార్డూ స్లీవ్‌లోనే ఉండాలి, ఎందుకంటే అవతలి పిల్లాడు తీసి చూస్తాడు, చేతికి చిప్స్ నూనె ఉంటుంది. మార్చుకోవడం అయ్యాక కార్డుతోపాటు స్లీవ్ కూడా వెళ్లిపోతుంది, కాబట్టి ఖాళీ స్లీవులు ఓ పది లోపలి అట్ట జేబులో ఉంచండి. పేరు, మీ ఫోన్ నంబరు ఆ అట్ట మీదే రాయండి, పేజీల మీద మార్కర్‌తో రాయొద్దు.