పాత పేపర్లలో ‘భారీ’కి కొలత ఉందా?

పాతపేపర్ల_పిచ్చోడు:
ఎనభైల నాటి జిల్లా పేజీలు తిరగేస్తున్నాను. భారీ వర్షం, భారీ ఊరేగింపు, భారీ బందోబస్తు, భారీ చోరీ. చోరీ వార్త చదివితే పోయింది మూడు తులాల బంగారం, ఒక ఇత్తడి బిందె. బందోబస్తుకి ఎంతమంది పోలీసులో ఎక్కడా లేదు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ నష్టానికీ ఇత్తడి బిందెకీ ఒకటే మాటా? విలేకరుల బద్ధకం తప్ప ఇంకేం లేదు.

రిటైర్డ్_కంట్రిబ్యూటర్:
బద్ధకం అనేముందు పని ఎలా జరిగేదో తెలుసుకోండి. వార్త రాసి కవర్లో పెట్టి సాయంత్రం బస్సుకి ఇచ్చేవాళ్లం. హెడ్డింగ్ పెట్టేది డెస్కులో సబ్ ఎడిటర్. సింగిల్ కాలమ్‌లో పట్టాలంటే రెండక్షరాల ‘భారీ’ని మించింది లేదు. నేను పోలీసుల లెక్కతో సహా పంపినా మర్నాడు ‘భారీ బందోబస్తు’ అనే వచ్చేది. ఊళ్లో తిట్లు మాత్రం నాకు. జీతమా, అదీ లేదు. అచ్చయినదాన్ని కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్.

చిన్నోడు:
భారీ వివరణ.

వాన_లెక్క:
వర్షాన్ని ఇందులో కలపకండి. వాతావరణ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మి.మీ. పడితే భారీ, 204.4 దాకా అతి భారీ, ఆపైన అత్యంత భారీ. ప్రాజెక్టుల్లోనూ 10 వేల హెక్టార్లు దాటిన ఆయకట్టు ఉంటేనే భారీ.

పాతపేపర్ల_పిచ్చోడు:
నేననేదీ అదే! వానకు కొలత ఉంది, చోరీకి లేదు.

గోదారి_రైతు:
కొలత ఉంటే మాకు ఒరిగిందేమిటి? వరి పనల మీద ఉండగా రాత్రంతా దంచింది. రెయిన్ గేజ్ మండల కేంద్రంలో ఉంది, అక్కడ తక్కువే పడింది. పేపర్లో ‘ఓ మోస్తరు వర్షం’ అన్నారు. పనల మీదే గింజ మొలకెత్తింది. పైసా రాలేదు.

వాన_లెక్క:
పేపర్లో మాట చూసి పరిహారం ఇవ్వరండీ. పంట నష్టం 33 శాతం ఉండాలి. 2015కు ముందైతే 50 శాతం.

గోదారి_రైతు:
ఆ శాతం చూడ్డానికి ఎవరో ఒకరు చేలోకి దిగాలి కదా సార్! ‘భారీ నష్టం’ అని పడిన ఊళ్లకే జీపులు వెళ్లాయి. మా వార్త రాసినాయన తారురోడ్డు దిగితే ఒట్టు.

రిటైర్డ్_కంట్రిబ్యూటర్:
నోరు జారకండి. మండలం మొత్తానికి ఒక్కణ్ణి, పెట్రోలు నా జేబులోంచి. ఎన్ని ఊళ్లు తిరగమంటారు?

గోదారి_రైతు:
తిరగమని అనలేదు. చూడని ఊరికి ‘మోస్తరు’ అని ఎలా రాశారని అడుగుతున్నా. చూడలేదనే రాయొచ్చుగా?

రిటైర్డ్_కంట్రిబ్యూటర్:
చూడలేదని రాస్తే డెస్కు వేస్తుందా? వెయ్యనిదానికి నాకు లైన్లు వస్తాయా?

గోదారి_రైతు:
ఇప్పుడు చెప్పారు నిజం. లైన్లు రాని ఊళ్లకు వానే పడలేదన్నమాట.

లక్ష్మి:
మూడు తులాలు పోయిన ఇంట్లో అది భారీ చోరీయే. కూతురి పెళ్లికి దాచుకున్నారేమో, ఎవరికి తెలుసు?

పాతపేపర్ల_పిచ్చోడు:
మూడు తులాలే భారీ అయితే ముప్పై తులాలు పోయినప్పుడు ఏం రాయాలి? ముందు అది తేల్చండి.